కారు చిన్నదైతే అణువు చిన్నదవుతుందా?

ఏళ్ల తరబడి అటక మీద పడున్న మోడల్ కారు కిట్‌ను దించి మూత తీస్తే, ఒక్కోసారి ఓ వింత కనబడుతుంది. మెత్తటి నల్ల టైరు కారు అద్దానికో చక్రానికో ఆనుకుని ఉన్న చోట ప్లాస్టిక్కు కరిగి గుంట పడి ఉంటుంది. టైరు మీది గాడులు అచ్చుగుద్దినట్టు అందులో దిగి ఉంటాయి. పెట్టెకు ఎండ తగిలింది లేదు, ఎవరూ గమ్ము ఒలకబోసింది లేదు. మరి కరిగించిందెవరు?

టైరే. ఆ టైరు చాలా కిట్లలో రబ్బరు కాదు, పీవీసీ. పీవీసీ స్వతహాగా గట్టి పదార్థం, ఇళ్లలో నీళ్ల పైపులు దానితోనే చేస్తారు. అదే పీవీసీ టైరులా మెత్తగా వంగాలంటే అందులో ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి ద్రవం కలపాలి. ఆ ద్రవం పీవీసీ గొలుసుల మధ్య ఇరుక్కుని ఉంటుందే తప్ప వాటితో రసాయన బంధం ఏమీ పెట్టుకోదు. సందు దొరికితే బయటికి పాకుతుంది. పక్కనున్నది పాలీస్టైరీన్ అయితే అందులోకి చొరబడి దాన్నీ మెత్తబరుస్తుంది. కుర్రతనంలో వదిలేసిన సరదాను నడివయసులో మళ్లీ మొదలుపెట్టేవాళ్లకు ఇది మంచి మొదటి పాఠమని నా అభిప్రాయం. పెట్టె మీది బొమ్మను చూసి మనం కొన్నది కారు అనుకుంటాం. లోపలున్నది మాత్రం కొన్ని పాలిమర్లు, వాటి మంచిచెడ్డలు.

ఈ సరదా అసలు వేళ్లు అమెరికాలో, జపాన్‌లో ఉన్నాయి. మన దగ్గర ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో బాల్సా చెక్కతో విమానాలు చేసిన కుర్రాళ్లు ఉన్నారు, డై-కాస్ట్ కార్లు కూడబెట్టినవాళ్లు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. ప్లాస్టిక్ ముక్కలు అతికించి కారు చేసిన బాల్యం మాత్రం తక్కువమందిది. మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ పొరుగున పుట్టిన ఏఎంటీ కంపెనీ మొదట్లో షోరూముల కోసం కొత్త కార్ల నమూనాలు చేసిపెట్టేది. కొత్త ఫోర్డ్ వచ్చిందంటే అదే ఆకారంలో, అదే రంగులో చేతిలో పట్టే ఫోర్డ్ డీలరు బల్ల మీద ఉండేది. 1958లో ఆ కంపెనీ విడి ముక్కల కిట్లు తెచ్చింది. ఒకే పెట్టెతో మామూలు కారు చేసుకోవచ్చు, దాన్నే రేసు కారుగానో, సొంత సోకులు దిద్దిన కారుగానో మార్చుకోవచ్చు. ఒక తరం అమెరికా కుర్రాళ్లు వాటితోనే పెరిగారు. ఆపైన అమ్మాయిలు, ఉద్యోగాలు, పెళ్లిళ్లు. పిల్లలు పెద్దవాళ్లయ్యాక మళ్లీ ఆ పెట్టెలే. అలా తిరిగొచ్చినవాళ్ల ఫిర్యాదులన్నీ ఇంచుమించు ఒకటే: గమ్ము అద్దానికి అంటింది, రంగు బత్తాయి తొక్కలా వచ్చింది, అతుకు కనబడుతోంది. చేతి ఒడుపు పోయిందని బాధపడతారు గానీ, తప్పు చాలావరకు చేతిది కాదు. ఆకారాన్ని ఇరవైనాలుగో వంతుకు కుదించాం. పదార్థాన్ని కుదించలేకపోయాం.

కాస్త లెక్క వేద్దాం. కార్ల కిట్లలో ఎక్కువగా కనబడే స్కేళ్లు రెండు, 1/24, 1/25. మొదటిది అడుగును అర అంగుళం చేస్తుంది. మనకు బాగా తెలిసిన మారుతి 800 పొడవు 3.3 మీటర్ల పైచిలుకు. 1/24లో అది దాదాపు 14 సెంటీమీటర్లకు దిగుతుంది. పొడవు 24 వంతులు తగ్గితే ఉపరితలం 576 వంతులు, ఘనపరిమాణం 13,824 వంతులు తగ్గుతాయి. సుమారు 650 కిలోల కారు బరువు 47 గ్రాములకు వస్తుంది. ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు బాడీ రేకు సంగతి చూడండి. అసలు కారు రేకు మందం 0.7 మిల్లీమీటర్ల ప్రాంతం. దాన్ని 24తో భాగిస్తే 0.03 మిల్లీమీటర్లు. వంటింటి అల్యూమినియం ఫాయిల్ ఇంచుమించు ఆ కోవలోదే. అంత పల్చటి ప్లాస్టిక్ బాడీని అచ్చు పోయలేం, పోసినా వేలితో ముట్టుకుంటే నలిగిపోతుంది. కిట్‌లో బాడీ మందం ఒక మిల్లీమీటరుకు అటూఇటూగా ఉంటుంది. దాన్ని అసలు సైజుకు పెంచితే దాదాపు అంగుళం మందం రేకు! బయటి నుంచి చూసేటప్పుడు తెలియదు. కిటికీ అంచు దగ్గర, చక్రాల పైన ఆర్చి దగ్గర మందమంతా బయటపడుతుంది. అనుభవమున్న వాళ్లు ఆ అంచుల్ని లోపలివైపు నుంచి గీకి పల్చబరిచేది ఇందుకే. అంచు పల్చనైతే చాలు, రేకంతా పల్చనిదేనని కన్ను నమ్మేస్తుంది.

ఆ ప్లాస్టిక్ పాలీస్టైరీన్. కథ 1839లో బెర్లిన్‌లో మొదలవుతుంది. ఎడువార్డ్ సైమన్ అనే మందుల వ్యాపారి స్టోరాక్స్ అనే చెట్టు జిగురును స్వేదనం చేశాడు. మన ఆయుర్వేద దుకాణాల్లో శిలారసం అనేది ఆ జాతి జిగురే. వచ్చిన నూనె కొన్నాళ్లకు దానంతటదే ముద్దకట్టింది. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసిందని ఆయన అనుకున్నాడు. అది పొరపాటని, చిన్న అణువులు వేల సంఖ్యలో ఒకదానికొకటి తగులుకుని పొడవాటి గొలుసులవుతున్నాయని తేలడానికి ఎనభై ఏళ్లు పట్టింది. 1920లో హెర్మన్ స్టౌడింగర్ ఆ మాట చెబితే తోటి రసాయనవేత్తలే వెక్కిరించారు. 1953లో ఆయనకు నోబెల్ వచ్చింది. పెళ్లిమండపాల్లో అక్షరాలు కోసే థర్మోకోల్ కూడా ఈ పాలీస్టైరీనే, కాకపోతే దానిలో గాలే ఎక్కువ.

మోడళ్లకు ఇదే ఎందుకు? ముందు వేరేదే వాడారు. 1936లో ఇంగ్లండ్‌లో ఫ్రాగ్ కంపెనీ తెచ్చిన ప్లాస్టిక్ విమానాల కిట్లు సెల్యులోజ్ అసిటేట్‌వి. ఏఎంటీ తొలినాళ్ల షోరూమ్ కార్లూ అంతే. ఆ ప్లాస్టిక్‌కు ఏళ్లు గడిచేకొద్దీ వంకర్లు పోయే రోగం. గాలిలో తేమ పీల్చుకుంటుంది, తనలోని మెత్తబరిచే ద్రవాన్ని పోగొట్టుకుంటుంది. పాత సేకరణల్లో నడుము వంగిన, కప్పు కుంగిన కార్లు ఇవే. పాలీస్టైరీన్‌కు నీటితో పని లేదు. వంద డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, రెండు వందలు దాటితే చక్కగా పారుతుంది, చల్లారాక అర శాతం ప్రాంతంలోనే కుంచించుకుంటుంది. ఉక్కు అచ్చులోకి వందల వాతావరణాల ఒత్తిడితో దాన్ని కొడితే, వెంట్రుక మందం గీత కూడా అచ్చులో ఉన్నది ఉన్నట్టు దిగుతుంది.

అచ్చు ఎంత బాగుంటే కిట్ అంత బాగుంటుంది. అందులో జపాన్‌లోని షిజువోకా నగరపు తమియా కంపెనీ పేరు మోసింది. 1946లో కలప వ్యాపారంగా మొదలై, చెక్క బొమ్మల మీదుగా 1960లో ప్లాస్టిక్‌లోకి వచ్చింది. 1970లలో 1/12 స్కేలు పోర్షే చేయాల్సి వచ్చినప్పుడు, యజమాని షున్‌సాకు తమియా నిజం పోర్షే 911నే కొనిపించి, విప్పదీయించి కొలతలు తీయించాడు. ఇదే కంపెనీ 1960లలో ఒక ట్యాంకు బొమ్మ లోపల బ్యాటరీలు పట్టాలని సైజు నిర్ణయించింది. తర్వాత కొలిస్తే అది 1/35 దగ్గరికి తేలింది. ఈనాటికీ ప్రపంచంలో ట్యాంకుల మోడళ్లకు ముఖ్యమైన స్కేలు అదే. స్కేళ్ల వెనక గొప్ప శాస్త్రం ఉంటుందని అనుకునేవాళ్లు ఈ కథ గుర్తుంచుకోవాలి.

సరే, పనిలోకి దిగుదాం. ముక్కలన్నీ ఒక ప్లాస్టిక్ చట్రానికి వేలాడుతూ వస్తాయి. కరిగిన ప్లాస్టిక్ పారిన కాలవలే గట్టిపడి ఆ చట్రం అయ్యాయి. ముక్కను చేత్తో మెలితిప్పి తెంపితే తెగిన చోట తెల్లటి మచ్చ పడుతుంది. రంగు వెలిసిపోవడం కాదది. సాగదీసినప్పుడు ప్లాస్టిక్ లోపల కంటికందనంత చిన్న చీలికలు, ఖాళీలు వేల సంఖ్యలో పుడతాయి. వాటి మీద పడ్డ వెలుగు అన్ని వైపులకూ చెదిరి తెల్లగా కనబడుతుంది. అందుకే నిప్పర్‌తో ముందు ముక్కకు కాస్త ఎడంగా కత్తిరించాలి. మిగిలిన మొటిమను రెండోసారి కత్తితో పొరలు పొరలుగా తీయాలి. ఒత్తిడంతా పారేసే భాగం మీద పడుతుంది, ముక్క బతికిపోతుంది.

ఇక గమ్ము. తిరిగొచ్చినవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పాలీస్టైరీన్‌కు వాడే ప్లాస్టిక్ సిమెంట్ అసలు గమ్మే కాదు, ద్రావణి. బ్యూటైల్ అసిటేట్, టోలీన్, మిథైల్ ఇథైల్ కీటోన్ లాంటివి ఉంటాయి. నారింజ తొక్కల నూనెలోని లిమొనీన్‌తో చేసేదీ ఉంది. థర్మోకోల్ ముక్క మీద తాజా నారింజ తొక్క పిండి చూడండి, తడిసిన చోట గుంట పడుతుంది. సిమెంట్ చేసే పని అదే. రెండు ముక్కల అంచుల్లోనూ గొలుసులు వదులవుతాయి. అంచుల్ని కలిపి నొక్కితే ఇటు గొలుసులు అటు, అటు గొలుసులు ఇటు దూరి చిక్కుపడతాయి. చిక్కుల్లో పడ్డ పాలిమర్ గొలుసు పక్కలకు కదల్లేదు, తలా తోకా ఉన్న దిశలోనే పాములా పాకగలదని 1971లో ఫ్రెంచి భౌతికవేత్త పియేర్-జిల్ ద జెన్ లెక్కకట్టాడు. 1991లో నోబెల్ అందుకున్నాడు. ద్రావణి ఆవిరైపోయాక మధ్యలో గమ్ము పొరంటూ ఏదీ ఉండదు. రెండు ముక్కలు ఒకటే ముక్క.

అయితే ఆ గొలుసులు చిక్కుపడటానికి దాటాల్సిన దూరం మిల్లీమీటరులో లక్షో వంతు స్థాయిలో ఉంటుంది. అతుకులో మిల్లీమీటరులో పదో వంతు సందు మిగిలిందంటే మనకు అది సన్నటి గీత, గొలుసుకు పదివేల రెట్ల అగాధం. ఎంత సిమెంట్ పోసినా ఆ అగాధం పూడదు, చుట్టుపక్కల ప్లాస్టిక్ ముద్దవుతుంది అంతే. కాబట్టి ముందు గమ్ము లేకుండా ముక్కల్ని కలిపి చూసుకోవాలి, అడ్డొచ్చింది గీకాలి, అంచులు ఒకదానికొకటి తాకాకే సిమెంట్ బ్రష్ ముట్టించాలి. సన్నటి సందులోకి ద్రవం కేశనాళిక చర్యతో దానంతటదే పరుగెత్తుతుంది. తర్వాత వేళ్లతో నొక్కితే అతుకు పొడవునా కరిగిన ప్లాస్టిక్ సన్నటి పూసలా పైకి ఉబుకుతుంది. ఆ పూస కనబడిందంటే అతుకు పడింది. దాన్ని తుడవకూడదు. ఒక రోజు ఆరనిచ్చి కత్తి అంచుతో గీకి, వాటర్ పేపరు పట్టాలి. ఆత్రపడి సాయంత్రానికే చదును చేసి రంగేస్తే, లోపల మిగిలిన ద్రావణి ఆ తర్వాతి రోజుల్లో బయటికొచ్చి అతుకు కుంగుతుంది. మెరిసే బానెట్ మీద సన్నటి గాడి మళ్లీ తేలుతుంది.

నిజంగా సందు ఉంటే లప్పం పెట్టక తప్పదు. మన కొండపల్లి బొమ్మల పనివాళ్లు తెల్ల పొణికి కర్రతో చేసిన చేతుల్ని, కాళ్లను ఒంటికి అతికేటప్పుడు చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు వాడతారు. అతికించడం, సందు పూడ్చడం రెండూ దానిదే. ప్లాస్టిక్ సిమెంట్ మొదటి పనే చేస్తుంది.

మరి ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూ ఎందుకు వాడకూడదు? వాడొచ్చు, అద్దాల దగ్గర తప్ప. అది సైనోఅక్రిలేట్, గాలిలోని తేమ తగలగానే గొలుసులు కడుతుంది. దాని ఆవిరి పక్కనున్న అద్దం మీద వాలి అక్కడే గట్టిపడుతుంది. తెల్లారేసరికి విండ్‌షీల్డు మంచుపట్టినట్టు మసకబారుతుంది. అద్దాలకు తెల్ల ఫెవికాల్ చాలు. ఆరాక కనబడదు, పొరపాటున పారితే తడిగుడ్డతో పోతుంది. ప్లాస్టిక్‌ను ముట్టుకోదు కాబట్టి పట్టు తక్కువే, కానీ బొమ్మ కారు అద్దం ఏ గాలిని తట్టుకోవాలి గనక.

రంగు దగ్గరికి వస్తే అసలు తిప్పలు మొదలవుతాయి. ముందు డిష్‌వాష్ ద్రవంతో కడిగి వేలిముద్రల జిడ్డు, అచ్చు నుంచి అంటిన జిడ్డు వదిలించాలి. నిజం కారు మీద ప్రైమరు నుంచి క్లియర్ కోట్ దాకా రంగు మందం మొత్తం 100 మైక్రాన్ల ప్రాంతం, అంటే మిల్లీమీటరులో పదో వంతు. 1/24లో అది నాలుగు మైక్రాన్లు ఉండాలి. ఎంత చెయ్యి తిరిగినవాళ్లు కొట్టినా అన్ని పొరలూ కలిసి 50 మైక్రాన్లకు తక్కువ రావడం కష్టం. స్కేలు లెక్కలో అది మిల్లీమీటరు పైన మందం. నిజం కారులో తలుపుకూ బాడీకీ మధ్య నాలుగు మిల్లీమీటర్ల సందు మోడల్‌లో 0.17 మిల్లీమీటర్ల గాడి అవుతుంది. అందులోకి పాకిన రంగును తలతన్యత అక్కడే నిలిపి ఉంచుతుంది. నాలుగు పొరలకు తలుపు మూసుకుపోతుంది. రంగుకు ముందే ఆ గీతల్ని సూదిమొన పనిముట్టుతో లోతు చేసుకోవడం మేలు.

బత్తాయి తొక్క సంగతి ఇంకా చిత్రం. స్ప్రే నుంచి పడ్డ బొట్లు గతుకులుగా ఉంటాయి, తలతన్యత వాటిని చదును చేస్తుంది. ఆ వేగం పొర మందపు ఘనాన్ని బట్టి ఉంటుంది. మందం సగమైతే వేగం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. గతుకు వెడల్పు రెట్టింపైతే సర్దుకోవడానికి పదహారు రెట్లు సమయం కావాలి. అంటే సన్నటి గరుకు క్షణాల్లో పోతుంది, రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పు అలలు రంగు ఆరేదాకా మిగిలిపోతాయి. నిజం కారు మీద కూడా అవి ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు. మోడల్ మీద రెండు మిల్లీమీటర్ల అల అంటే అసలు సైజులో ఐదు సెంటీమీటర్ల అల, కప్పంతా సముద్రం. పోనీ మందంగా కొడదామంటే బరువుకు కారి చారలు కడుతుంది. అందుకే పాతకాపులు ముందు రెండు మూడు పల్చటి పొరలు దుమ్ములా వాలనిస్తారు. రంగు పట్టు దొరికాక చివరి పొర ఒక్కటి తడితడిగా, కారడానికి ఒక్క అడుగు ఇవతల ఆగేలా కొడతారు. ఇంకా అలలు మిగిలితే 2000 నంబరు వాటర్ పేపరుతో చదును చేస్తారు. దాని రేణువు దాదాపు పది మైక్రాన్లు, గీతలు ఇంకా కనబడతాయి. ఆపైన పాలిష్ పేస్టులు. గీత లోతు వెలుగు తరంగం కంటే, అంటే అర మైక్రాన్ కంటే బాగా తగ్గితేనే కన్ను దాన్ని అద్దం అని ఒప్పుకుంటుంది.

మెటాలిక్ రంగుల్లో ఇదే పేచీ. కార్ల షెడ్డులో మిగిలిన టచప్ రంగు బాగుంది కదా అని వాడితే, అందులోని 20 మైక్రాన్ల అల్యూమినియం రేకు స్కేలులో అర మిల్లీమీటరు తళుకు అవుతుంది. కారు కాస్తా పండగ బొట్టుబిళ్లలా మెరుస్తుంది. మోడళ్ల కోసం రేణువు నూరి చేసిన రంగులే కొనాలి.

విశాఖలోనో కాకినాడలోనో వానాకాలంలో లాకర్ రంగు కొట్టినవాళ్లు ఇంకో మాయ చూస్తారు. నల్ల కారు కళ్లెదుటే బూడిదరంగులోకి పోతుంది. థిన్నర్ ఆవిరవుతూ ఉపరితలం నుంచి వేడి లాక్కుంటుంది. తీరంలో ఆ రోజుల్లో మూడు నాలుగు డిగ్రీలు చల్లబడితే చాలు, గాలిలో తేమ బొట్లుగా దిగుతుంది. ఆ బొట్లు రంగు పొరలో చిక్కుకుని వెలుగును చెదరగొడతాయి. ఇందాక విరిగిన ముక్క మీద తెల్ల మచ్చకు కారణమైన చెదరడమే ఇదీ. దీనికి విరుగుడు మెల్లగా ఆరే థిన్నర్ కలపడం, లేదా ఏసీ గది చూసుకోవడం. ఏసీ గదిలో కొట్టి తలుపులేసుకోమని కాదు నా ఉద్దేశం. ఈ ఆవిర్లు ఊపిరితిత్తులకు మంచివి కావు, గాలి బయటికి లాగే ఫ్యాను కావాలి. ఎన్95 మాస్కు దుమ్మును ఆపుతుంది, ద్రావణి ఆవిరిని ఆపదు. దానికి కార్బన్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ వేరే ఉంటుంది.

బంపర్ల మీద మెరిసేది క్రోమియం కాదు. శూన్యంలో అల్యూమినియాన్ని ఆవిరి చేసి, మైక్రాన్ మందం కూడా లేని పొరగా వాలనిస్తారు. అతుకు దగ్గర అదీ అడ్డమే. పొర ఉన్నచోట సిమెంట్ పాలీస్టైరీన్‌ను తాకలేదు. అతికే అంచు మీద గీకేయాలి, మొత్తం వద్దనుకుంటే ఇంటి బ్లీచ్ ద్రవంలో ముంచాలి. బ్లీచ్ క్షారగుణానికి అల్యూమినియం కరిగిపోతుంది, ప్లాస్టిక్‌కు ఏమీ కాదు. మొదట్లో చెప్పిన టైర్లకూ మందు తెలిసినట్టే. రిమ్ము మీద మంచి రంగు పొర ఒకటి వేసి టైరు తొడగాలి, పెట్టెలో దాచేటప్పుడు టైర్లను విడి కవర్లో పెట్టాలి.

చివరిగా తిరిగొచ్చినవాళ్ల కళ్ల సంగతి. పన్నెండేళ్ల పిల్లవాడు డాష్‌బోర్డు ముక్కను ముక్కుకు పది సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని స్పష్టంగా చూడగలడు. యాభై దాటేసరికి కంటి కటకం బిగుసుకుపోయి ఆ దూరం అర మీటరుకు జరుగుతుంది. ఐదు రెట్లు దూరం జరిగితే కంట్లో పడే బొమ్మ ఐదో వంతే. కిట్ అదే, స్కేలు అదే, యాభై దాటినాయనకు మాత్రం స్పీడోమీటర్ కాస్తా చుక్క. తలకు తగిలించుకునే భూతద్దాలు అందుకే. వాటికంటే ముందు బల్ల మీద బలమైన దీపం పెట్టుకోవాలి. వెలుగు పెరిగితే కనుపాప చిన్నదవుతుంది, స్పష్టంగా కనబడే లోతు పెరుగుతుంది. మొదటి కిట్‌కు ఇంజను లేని, బానెట్ తెరుచుకోని రకం ఎంచుకుంటే ముక్కలు సగానికి తగ్గుతాయి. బాడీకి తెలుపో, లేత రంగో వేస్తే అలలు అంతగా కనబడవు. నలుపు రెండో కారుకు, ఎర్ర మెటాలిక్ ఆ తర్వాతకు ఉంచుకోండి.